అర నిమిషం నిశ్శబ్దం

కొత్త కార్లలో పనికిరాని చప్పుళ్ళు పట్టుకోవడం మా ఆయన ఉద్యోగం. అంత చదువు చదివి, అమెరికా వచ్చి, ఈ నోవై ఊళ్ళో చలికి వణుకుతూ చేసేది ఇదా అని మా అన్నయ్య నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. డాష్‌బోర్డు లోపల ఒక క్లిప్పు వదులైతే, హైవే మీద పోతూ కూడా అదెక్కడుందో వేలు పెట్టి చూపించగలడు దివాకర్. మైకులు ఎంత కొలిచినా, ఆ చప్పుడు మనిషిని విసిగిస్తుందా లేదా అన్నది ఆయన చెవే తేల్చాలి.

అలాంటి చెవుల్లో దసరా వెళ్ళాక ఈల మొదలైంది. సన్నగా, ఆగకుండా. కుక్కరైతే స్టవ్ కట్టేస్తాం, దీనికేం కట్టేయాలి? చెవి డాక్టరు పరీక్షలు చేసి, మాటలు వినడానికి ఢోకా లేదంది. ఈల పేరు టినిటస్ అట. పేరైతే ఉంది, మందే లేదు. అలవాటు పడాలి, ఈలోగా సౌండ్ థెరపీ యాప్ వాడి చూడమంది.

అప్పట్నుంచి మా ఇంట్లో వాన. బయట మంచు, లోపల వాన. డేరా మీద వాన, ఆకుల మీద వాన, ఉరుములున్న వాన, లేని వాన. విసుగొస్తే సముద్రం. ఆన్‌లో ఉన్నంతసేపూ ఈల కాస్త అణిగేది, ఆపగానే తిరిగి హాజరు. డబ్బు కడితే ఇంకా మంచి వానలు వస్తాయని ఆ యాప్ రోజూ ఊరించేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆఫీసులో మాత్రం చెప్పలేదు.

"హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. చెవే నా రెజ్యూమే రాగిణీ. ఇప్పుడు చెప్తే ఎవడుంచుకుంటాడు?"

సరిగ్గా అప్పుడే కొత్త ఎలక్ట్రిక్ కారు వచ్చి పడింది. దానికి ఇంజను రొద లేదు కాబట్టి చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఒక వేగం దగ్గర మోటారు కీచుమంటోందని కొందరు, అబ్బే లేదని కొందరు. సోమవారం దివాకర్ తేలుస్తాడని మేనేజర్ మీటింగులో చెప్పేశాడు. ఆ సాయంత్రం ఆయన యాప్‌లో వేలు జరుపుతూ జరుపుతూ తన ఈలకి సరిపోయే శ్రుతి పట్టుకున్నాడు. ఆఫీసు గ్రాఫులో మోటారు కీచేమో అని అనుమానిస్తున్న చిన్న గీతదీ అదే శ్రుతి.

"కార్‌లో ఉందో నాలో ఉందో తెలియట్లేదే" అన్నాడు.

మర్నాడు నేను పప్పులోకి తాలింపు వేస్తుంటే వంటింట్లోకి వచ్చి "ష్" అన్నాడు. యాప్‌లో ఆ శ్రుతినే ఒక నిమిషం విని ఆపాడట.

"ఆగిపోయింది! రాగిణీ, ఆగిపోయింది!"

కళ్ళలో నీళ్ళు. నేను గరిటె పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. గాలి పీల్చడానికి కూడా భయం వేసింది. పోపు మాడింది. మాడితే మాడింది.

"వచ్చేసింది" అన్నాడు కాసేపటికి. అర నిమిషం కూడా లేదేమో. అయినా ఆ మొహంలో ఎన్నాళ్ళ తర్వాతో ఆశ చూశాను. ఆ అర నిమిషంలో కారు విని తేల్చేస్తానన్నాడు.

ఆదివారం టెస్ట్ కారు ఇంటికి తెచ్చాడు. కంపెనీ వాళ్ళు తప్ప ఇంకెవరూ నడపకూడదు. తెలిసీ తాళం నా చేతిలో పెట్టాడు. సౌత్ లయన్ వైపు ఖాళీ రోడ్డు మీద నేను నడుపుతున్నాను. పక్కన ఆయన ఇయర్‌ఫోన్స్‌లో శ్రుతి వింటూ, ఈల ఆగగానే అవి తీసి వేలెత్తుతాడు. అప్పుడు నేను ఆ వేగం అందుకోవాలి. మొదటిసారి పక్కనుంచి ట్రక్కు పోయింది. రెండోసారి మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే బండి. ఇద్దరం తిట్టుకున్నాం, నవ్వుకున్నాం కూడా.

మూడోసారి రోడ్డంతా మాదే. ఆయన వేలెత్తి కళ్ళు మూసుకున్నాడు. నేను యాక్సిలరేటర్ నొక్కాను.

వినిపించింది. పలక మీద బలపం గీరినట్టు, సన్నగా, స్పష్టంగా. నా పళ్ళు జివ్వుమన్నాయి. హమ్మయ్య, దొరికిందని ఆయన వైపు చూశాను.

ఆయన మొహం పసిపిల్లాడి మొహంలా విప్పారింది.

"ఏమీ లేదు! కార్ క్లీన్‌గా ఉంది! ఇదంతా నా చెవిలో ఈలే రాగిణీ, కార్‌లో ఏం లేదు!"

ఈల ఒక్కటి పక్కకి తప్పుకుంటే వెనకాల పాత చెవి పదిలంగా ఉంటుందనుకున్నాం ఇద్దరం. ఈల తప్పుకుంది. ఆ శ్రుతి దగ్గర ఆయనకి చెవే లేదు.

తెలియకుండానే కాలు తీసేశాను. కీచు ఆగింది.

"ఎందుకు స్లో చేశావ్? నీక్కూడా ఏం వినపడలేదు కదా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. కానీ సోమవారం అందరి ముందూ ఆయన అదే మాట అంటాడు, పక్కనున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"ఉందండీ."

"ఏది?"

"కీచుమంటోంది. నొక్కితే వస్తోంది, తీస్తే పోతోంది."

ఆయన మెల్లగా "మళ్ళీ నొక్కు" అన్నాడు. నొక్కాను.

"ఇప్పుడు?"

"ఉంది."

కాలు తీశాను.

"ఇప్పుడు?"

"లేదండీ."

ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టేశాడు. ఈల తిరిగి వచ్చే ఉంటుంది, ఆ సంగతి నాకు చెప్పలేదు. కళ్ళు మూసుకోలేదు, చెవి ఒగ్గలేదు, కీచు అక్కడ కనబడుతుందేమో అన్నట్టు నా మొహంకేసే చూస్తున్నాడు.

"రేపు నిన్ను ఆఫీస్‌కి తీసుకెళ్ళలేను కదా" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఇంకొక్కసారి నొక్కు, రాగిణీ."