అందరికీ తెరిచిన ఫోల్డరు

ఫైలు తెరుచుకోవడం లేదని డిజైన్ గదిలోంచి కేక వినబడగానే సర్వరు చూసుకునే సోమలింగం చేతులు వాటంతటవే కీబోర్డు మీద మూడు ఏడులు కొట్టేశాయి. జోల్వాలోని ఆ చీరల ప్రింటింగు మిల్లులో ఫైళ్లుండేది లైనక్సు సర్వరులో, డిజైనర్లు వాడేది విండోసు. ఒకరు దాచింది ఇంకొకరికి తెరుచుకోదు. చూసే హక్కు ఎవరికి, చెరిపే హక్కు ఎవరికి అని ఓపిగ్గా విడదీయాలి. ఓపికెక్కడిది? మూడు ఏడులు కొడితే అందరికీ అన్ని హక్కులూ వచ్చేస్తాయి, కేకలు ఆగిపోతాయి. ఏళ్ల తరబడి అదే మందు. పాస్‌వర్డులంటే మిల్లు యజమాని సేఠ్‌కి చిరాకని లాగిన్ పేరు కూడా అందరికీ ఒకటే పెట్టాడు.

సోమలింగం నలభై దాటిన సన్నటి మనిషి. స్క్రీనులోకి చూసీ చూసీ మెడ ముందుకు వంగిపోయింది. నోట్లో నాలుక లేనివాడని పేరు. తెలుగువాళ్ల బస్తీ గోడాదరా నుంచి రోజూ డిజైనరు మొండయ్య బండి మీదే వెనక కూర్చుని వస్తాడు. ఈ కొలువు ఇప్పించిందీ ఆ మొండయ్యే.

మధ్యాహ్నం రొట్టె తింటుంటే మొండయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి.

"లింగం, పండుగ చీరల ఫోల్డర్ కనబడ్తలేదు. మౌస్ జారిందో ఏందో. చెత్తబుట్టల సూసిన, అండ్ల గూడ లేదు."

సర్వరులో చెరిపేస్తే విండోసు చెత్తబుట్టలోకి రాదు. ఉన్న బ్యాకప్పు చాలా పాతది. సోమలింగం చేతిలోని రొట్టె డబ్బాలో పడేసి లేచాడు.

సేఠ్ వచ్చాడు. ఎవరి పని అన్నాడు. అందరి పేరూ ఒకటే గనక సర్వరు ఏం చెబుతుంది? మొండయ్యే తన చెయ్యి జారిందని ఒప్పుకున్నాడు. సేఠ్ సోమలింగం వైపు తిరిగి, సర్వరులో లోపమేమైనా ఉందా అని అడిగాడు.

ఉంది. పూర్తయిన డిజైన్లను చూడ్డానికే తప్ప చెరపడానికి వీల్లేకుండా కట్టడి చేసుంటే, ఆ చెయ్యి ఎన్నిసార్లు జారినా ఒక్క పువ్వు రాలేది కాదు. ఆ మాటంటే తన కొలువు పోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "నహీ సేఠ్" అన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

రేపటి నుంచి రావద్దన్నారు మొండయ్యను. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని ఆయన సోమలింగం దగ్గరికొచ్చాడు.

"నా వల్ల సేఠ్ ముంగట నీకు గూడ జవాబు చెప్పుకునే గతి పట్టింది. ఏమనుకోకు బిడ్డా. రేపటి సంది బస్సుకు రా."

"కాకా..." అన్నాడు సోమలింగం. మొండయ్య సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు కూర్చుని హక్కులన్నీ సరిచేశాడు. ఒక్కొక్కరికి ఒక్కో పేరు, చూసేవాళ్లకు చూపు, గీసేవాళ్లకు గీత. తెచ్చిన చాయ్ చల్లారేలోపే పని అయిపోయింది. అన్ని కంప్యూటర్లలోనూ ఫైళ్లు శుభ్రంగా తెరుచుకున్నాయి. ఎవరూ కేక వెయ్యలేదు.

డిజైన్ గదిలో లైట్లు ఆర్పడానికి వెళ్లాడు. మొండయ్య కుర్చీ వీపు మీద, ఏసీ చలికి ఆయన భుజాల చుట్టూ కప్పుకునే గళ్ల తువ్వాలు నీటుగా మడతపెట్టి ఉంది.