ఎవరూ వెళ్ళిపోని ఆట

లిఫ్టుల మెకానిక్ రోజూ పనయ్యాక చేతుల గ్రీజు వదిలించుకుని, తల్లికి మందులు, కూతురికి బిస్కెట్లు కొనుక్కుని తిన్నగా ఇంటికి పోతాడు. ఆవేళ మాత్రం ఆటల దుకాణంలో దూరి, కౌంటరు దగ్గరి అక్క ప్రాణం తోడేశాడు.

చిన్నపిల్లలకి వీడియో గేమ్ కొనడమంటే ఇల్లు కొన్నంత పని. పిల్లలు ఏ ఆట ఆడితే ఇల్లూ ఆ దారే పడుతుంది కదా. కార్ల పందెం తెచ్చుకున్న ఇంట్లో తాతగారు చేతికర్ర గిరాటేసి, మెట్లు నాలుగేసి చొప్పున దూకి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తుపాకుల ఆట తెచ్చినవాళ్ళింట్లో మొగుడూ పెళ్ళాం ఇప్పటికీ సోఫాల వెనక నక్కే మాట్లాడుకుంటారు. అందుకే పసిపిల్లలున్నవాళ్ళంతా నెమ్మది ఆటలే అడుగుతారు. మొక్కలకి నీళ్ళు పోయడం, చేపలు పట్టడం, పక్కింటి జంతువులతో కబుర్లు చెప్పడం, అంతే.

"ఈ తోట ఆట తీసుకో తమ్ముడూ. తొందరపెట్టదు, ఓడించదు."

"ఆకులు రాలతాయా?"

"కాలం వస్తే రాలవూ మరి?"

"వద్దక్కా. ఇదో?"

"ఇందులో దూడని పెంచి అమ్మాలి."

"వద్దు."

"ఇందులో పక్కింటి బాతు ఎప్పుడో ఒకప్పుడు పెట్టె సర్దుకుని వేరే ఊరు పోతుంది. మర్యాదస్తురాలు, చెప్పి మరీ పోతుంది."

"అసలే వద్దు. ఎవరూ ఎక్కడికీ పోని ఆట లేదా?"

అతని తల్లి మంచం పట్టిందనీ, డాక్టరు చేతులెత్తేశాడనీ అక్కకి తెలుసు. తల్లి లేని ఆ పిల్ల నాయనమ్మ గొంతు వినకపోతే నిద్రపోదనీ తెలుసు. అట్టడుగు అరలోంచి ఒకటి తీసి, బుట్టెడు దుమ్ము దులిపి ఇచ్చింది.

ఆ వారం దాటదన్న ముసలమ్మ దాటింది. నెల దాటింది. మెకానిక్ సంబరం అంతా ఇంతా కాదు. కానీ ఆ ఇంట్లోంచి ఇంకేదీ పోలేదు. సబ్బు అరగలేదు. పిల్ల జలుబు తగ్గలేదు. చూసిపోదామని వచ్చిన బావమరిది బస్సెక్కి కునుకు తీసి, లేచి దిగితే మళ్ళీ ఆ గుమ్మమే. బయట చలి పోయి ఎండలొచ్చాయి. ముసలమ్మ నొప్పి మాత్రం పోలేదు. మనిషి ఎంత చిక్కిపోయిందంటే, దుప్పటి దులిపే ముందు లోపలుందేమోనని తడిమి చూసుకోవాలి.

"ఒరేయ్, ఆ ఆట మార్చరా" అందామె.

"పిల్లకి అలవాటైపోయిందమ్మా."

"పిల్లకా, నీకా?"

అతను మందు సీసా మూత బిగించాడు.

"నీళ్ళు మింగినా గాజుపెంకులు మింగినట్టుందిరా. ఇంకా ఎన్నాళ్ళు పట్టుకుంటావు నన్ను?"

మర్నాడు అతను ఒక లిఫ్టుని రెండంతస్తుల మధ్య ఆపేసి, అందులో కూర్చుని ఏడ్చాడు. పై అంతస్తులవాళ్ళంతా ఆ పూట అతన్ని తిట్టుకుంటూ మెట్లెక్కారు. తర్వాత దుకాణానికి వెళ్ళి, "బాతు ఆట ఇవ్వక్కా" అన్నాడు.

ఆ సాయంత్రమే బావమరిది బస్సు అతన్ని అతని ఊళ్ళోనే దింపింది.

పిల్లకి బాతు అంటే ప్రాణమైంది. నాయనమ్మ మంచం పక్కనే చతికిలబడి, దానితో కలిసి విత్తనాలు నాటింది, వంతెన కట్టింది. ఒక మధ్యాహ్నం తల తిప్పకుండానే అడిగింది.

"నాన్నా, బాతు వెళ్తానంటోంది. ఉండమంటే ఉంటుందట. ఏం నొక్కను?"

మంచం మీంచి ముసలమ్మే అంది.

"వెళ్ళాలనుందో లేదో దాన్నే అడగవే."

"ఉందట. కానీ నేను ఏడుస్తానని భయమట."

"ఏడుస్తావా?"

"కొంచెం."

"కొంచెమైతే ఫరవాలేదని చెప్పు. దారిలో తినడానికేమైనా పెట్టు."

పిల్ల బాతు పెట్టెలో యాపిల్ పళ్ళు సర్దింది. మెకానిక్ చెయ్యి ముందుకు సాగింది, పిల్ల చేతిలోంచి ఆట లాక్కోడానికే. తల్లి అతని చొక్కా అంచు పట్టుకుంది. ఆ పట్టులో ఈగని ఆపేంత బలం కూడా లేదు. అయినా అతను ఆగాడు.

పిల్ల "వెళ్ళిరా" నొక్కింది.

బాతు పెట్టె మోసుకుంటూ వంతెన మీద చిన్నదై, ఇంకా చిన్నదై, అవతలి ఒడ్డున చుక్కయింది. చొక్కా అంచు మీది పట్టు వదులైంది.

పిల్ల అన్నట్టే కొంచెమే ఏడ్చింది, వెనక్కి తిరిగి మంచం కేసి చూసేదాకా.