బాతుల వెంట బడి

రాగిణి బడికి గోడలు లేవు, గంట లేదు. బాతులు ఎక్కడుంటే బడి అక్కడే. సార్వా వరి కోతలు అయిపోయాక కంకిపాడు చుట్టుపక్కల చేలల్లో రాలిన గింజలు మేపుకోవడానికి బాతుల మందలతో కుటుంబాలు దిగుతాయి. ఒక ఊళ్ళో మేత అయిపోతే మరో ఊరికి మకాం. అలా తిరిగే పిల్లలు ఏ బడిలోనూ నిలవరు. విజయవాడలో ఓ కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి విసుగెత్తి మానేసిన రాగిణి, ఓపెన్ స్కూలు చదువులు చెప్పించే చిన్న ట్రస్టులో చేరి, స్కూటీ మీద ఆ మకాముల వెంట తిరగడం మొదలుపెట్టింది. వాళ్ళకు తీరినప్పుడే పాఠం. పొద్దున గుడ్లు ఏరడం అయ్యాక కాసేపు, లేదంటే మధ్యాహ్నం బాతులు కాలువలో దిగాక కాసేపు.

రత్తయ్య మకాంలో చదువుకునేవాళ్ళు ఇద్దరు. పదేళ్ళ కూతురు సుస్మిత, భార్య దానమ్మ. "పిల్ల చదువుతుంటే నేనెందుకమ్మా ఊరికే కూర్చోడం?" అంటూ దానమ్మ కూడా పలక పట్టుకుంది. సుస్మిత చూస్తుండగానే కథల పుస్తకాలు గడగడా చదివేయసాగింది. దానమ్మకు గుణింతాల దగ్గర నాలిక మడతపడేది. కూతురు గదిమేది. "కవ్వు కాదమ్మా, కౌ!" దానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఫిబ్రవరిలో బాతులకు రోగం తగిలి మందంతా పోయింది. చేను చివర గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. రాగిణి వెళ్ళేసరికి రత్తయ్య ఆ గొయ్యి పక్క గట్టు మీద మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. దానమ్మ గిన్నెలు మూట కడుతోంది. అప్పటికే ఆమె నీళ్ళోసుకుని ఉంది.

"హైదరాబాదు అవతల అపార్టుమెంట్ల పనికి పోతన్నామండీ. అక్కడికి మీ బండి రాదుగా," అంది. సుస్మితను ముందుకు తోసి, "దీన్ని మీ దగ్గర ఉంచుకుంటారా మేడం గారూ? ఇంట్లో ఏ పని చెప్పినా చేసుద్ది. చదువు మాత్రం మాన్పించమాకండి."

"పని చెయ్యడానికైతే వద్దు," అంది రాగిణి. "చదువుకోడానికైతే ఇప్పుడే బండెక్కమను."

రాగిణి తల్లి రమాసుందరికి ఇది నచ్చలేదు. "ఎవరి పిల్లో, ఏమిటో" అని వసారాలో చాప వేసింది, కంచం విడిగా పెట్టింది. రాగిణి వాదించలేదు. తనూ ఆ చాప పక్కనే పడుకుంది, ఆ పిల్లతోనే వసారాలో తింది. ఎండలు ముదిరేసరికి రమాసుందరే సుస్మితను ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లుతూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటోంది. బళ్ళు తెరవగానే కంకిపాడు హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్చారు.

ఆదివారం సాయంత్రం దానమ్మ ఫోన్ చేసేది. మంచీ చెడూ అయ్యాక, "ఏదీ, కొత్త పాఠం చదువు, వింటా," అనేది. సుస్మిత చదువుతున్నంత సేపూ అవతల ఊపిరి తప్ప ఏమీ వినిపించేది కాదు. తర్వాత తన వంతు. "ఇయ్యాల సిమెంటు బస్తా మీద పేరు నేనే చదివానే! మేస్త్రీ నోరెళ్ళబెట్టాడు." రాగిణితో కూడా మాట్లాడేది. "పురుడయ్యాక నేనూ పరీక్షకి కూర్చుంటా మేడం గారూ. మీరు నవ్వకూడదు మరి."

శ్రావణంలో ఒక ఆదివారం ఫోన్ రాలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం రత్తయ్యే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం అవతలే నిలబడిపోయాడు.

"కాన్పు కష్టమైందండీ. నెత్తురు ఆగలా. ఆస్పత్రికి తీసకపోతంటే దారిలోనే..."

రాగిణి తలుపు పట్టుకుంది. మగపిల్లాడు పుట్టాడనీ, పక్క గుడిసె ఆవిడ దగ్గర వదిలి వచ్చాననీ అతను చెబుతుంటే సగమే చెవిన పడింది. "పిల్లని తీసకపోదామని వచ్చానండీ. ఆడికి పాలు పట్టే దిక్కు లేదు."

"బాబునే ఇక్కడికి తీసుకురా రత్తయ్యా. మేం పెంచుతాం. దాని చదువు పాడు చెయ్యొద్దు."

"మీరు పెంచుతారండీ, నాకు తెలుసు." రత్తయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అది పోయింది. పిల్లేమో ఇక్కడుంది. ఆ పసిగుడ్డును కూడా ఇచ్చేస్తే నేనింక ఎందుకండీ బతికుండటం?"

రాగిణి లోపలికి వెళ్ళి అతనికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన సుస్మిత తండ్రిని చూసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మేది నాన్నా?" అని అతని వెనక చూసింది. రత్తయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. రాగిణే చెప్పాల్సి వచ్చింది. పిల్ల చాలాసేపు రమాసుందరి ఒళ్ళో ముడుచుకుని ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చింది.

"నేను నాన్నతో వెళ్తా టీచర్."

"ఇక్కడే ఉండమ్మా. ఏదో ఒక దారి చూద్దాం."

"తమ్ముడికి అమ్మ ఎలా ఉంటదో తెలీదుగా టీచర్. నాకు తెలుసు."

విజయవాడ బస్టాండులో రాగిణి మాట్లాడుతూనే ఉంది. ఫోన్‌లో పాఠం చెబుతాననీ, అక్కడి బడివాళ్ళతో మాట్లాడతాననీ, నోరు మూస్తే ఏడుపు వస్తుందన్నట్టు ఆపకుండా చెప్పింది. సుస్మిత అన్నిటికీ తల ఊపింది. పెద్దవాళ్ళు పిల్లల మాటలకు ఊపినట్టు ఊపింది.

కొన్నాళ్ళు ఫోన్‌లో పాఠాలు సాగాయి. పిల్లాడు ఏడ్చేవాడు, పాఠం ఆగేది. ఒకరోజు "వీణ్ణి పడుకోబెట్టి వస్తా, ఉండండి టీచర్," అంది. రాగిణి ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూసింది. జో కొడుతున్న చప్పుడు మెల్లగా తగ్గి ఆగిపోయింది. సుస్మిత కూడా వాడి పక్కనే నిద్రపోయినట్టుంది. రాగిణి చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు.

ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక రాగిణి హైదరాబాదు వెళ్ళి, దానమ్మ ఫోన్‌లో చెప్పిన గుర్తులతో ఆ అపార్టుమెంటు పట్టుకుంది. కట్టడం పూర్తయింది. రంగులు వేశారు, బాల్కనీల్లో బట్టలు ఆరుతున్నాయి. కూలీలు ఎటు పోయారో వాచ్‌మన్‌కు తెలియదు. "ఎవరికి తెలుస్తదమ్మా, పనెక్కడుంటే అక్కడికి పోతరు," అన్నాడు.

గేటు ముందు స్కూలు బస్సు ఆగింది. యూనిఫాం పిల్లలు తోసుకుంటూ ఎక్కుతున్నారు. వాళ్ళలో సుస్మిత ఉండదని రాగిణికి తెలుసు. అయినా బస్సు కదిలేదాకా ఒక్కో మొహమూ చూస్తూ నిలబడింది.