ఆకు అడుగున

తొట్టిలో బాదం ఆకులు నానిన నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి. వాటిలో రెండు రాస్బోరాలు, రాగి ఒంటి మీద నల్లటి త్రికోణం ఉన్న చిన్న చేపలు, ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి. ఈ దీవి వాగుల్లో పుట్టే జాతే. వాటిని ఇచ్చిన పరశురాముడు అంకుల్ పక్క పేట బిషాన్ నుంచి వచ్చి, తొట్టి ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మలేషియాలో పుట్టిన తెలుగువాడు, మాట చివర అక్కడి 'లా' తగిలిస్తాడు. ఇంట్లోనే చేపపిల్లలు తీస్తాడు.

"రేపు గుడ్లు పెట్టేస్తాది లా. తలకిందులై ఆకు అడుగున అంటిస్తాది. పెట్టగానే రెండిటినీ వలతో తీసి పక్క తొట్లో వెయ్యమ్మా."

"తల్లిని కూడానా అంకుల్?" అంది ఉదయశ్రీ.

"ముందు తినేది అదే. తన గుడ్లని దానికేం తెలుసు? మకాన్, తిండి, అంతే. మా ఆవిడ నా ప్లేట్లో బోండాలు చూసినట్టు చూస్తాది."

ఆమె భర్త కౌశల్ నవ్వాడు. ఆంగ్ మో కియోలోని ఆ ఫ్లాట్‌లో అతని నవ్వు వినబడి చాలాకాలమైంది.

పోయిన వానల్లో వాళ్ల కూతురు ఊపిరి లేకుండా పుట్టింది. ఉదయశ్రీకి మెలకువ వచ్చేసరికి బిడ్డ లేదు. "చూస్తే మరిచిపోలేవని నేనే తీసుకెళ్లమన్నాను శ్రీ," అన్నాడు కౌశల్. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చూడని ముఖాన్ని ఎలా మరిచిపోవాలో ఆమెకు అడగాలనిపించేది. అడగకుండా చేపలు తెచ్చుకుంది. ఈ ఇంట్లో ఏదో ఒకటి పుట్టి కదలాలి.

మర్నాడు కౌశల్ ల్యాబ్‌కు వెళ్లాక ఆడచేప ఆకు కిందికి చేరి వెల్లకిలా తిరిగింది. మగది దాన్ని చుట్టుకుంది. కాసేపటికి ఆకు అడుగున గాజు ఆవగింజల్లా గుడ్లు.

ఉదయశ్రీ మగచేపను తేలిగ్గా తీసేసింది. ఆడది ఆకు కిందే ఆగి ఉంది. అంకుల్ మాట గుర్తుంది. నమ్మింది కూడా. అయినా చెయ్యి నీళ్లలోకి దిగలేదు. కాసేపు చూసుకోనీ, అనుకుంది. కాసేపే.

వల ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. ఎన్నాళ్లకో నిద్ర పట్టింది.

కౌశల్ వచ్చి లేపాడు. "శ్రీ, ఎగ్స్ పెట్టిందా?"

ఆమె వెళ్లి ఆకును తిప్పి చూసింది. నున్నగా ఉంది.

"తల్లిని తీయలేదేం?"

"చూసుకోనిద్దామని."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "పాపది నీ పోలికే," అన్నాడు. "గడ్డం మీద చిన్న సొట్ట."

ఆకు ఆమె చేతిలోనే ఉంది. చివరి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇంకా?"

అతను ఆలోచించాడు.

"నేనూ సరిగ్గా చూడలేదు శ్రీ."