తోకలు కోసిన కత్తెర

ఎముకల వార్డులో పీజీ చేస్తున్న ఒక డాక్టరుకి కత్తెర అని పేరు. ఎక్కడ ఏది వేలాడుతున్నా కత్తిరించందే అతనికి నిద్రపట్టదు. కట్టు చివర గుడ్డపీలిక, కుట్టు చివర దారం, పక్కవాడి చొక్కాకి లేచిన నూలుపోగు, ఏదైనా సరే. పనికిరానిది ఉంచితే చీము పడుతుందని అతని నమ్మకం. ఆ నమ్మకమే ఆ రోజు కొంప ముంచింది.

సాయంత్రం ఐదులోగా థీసిస్ ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే పరీక్ష ఆరు నెలల తర్వాతే. నాలుగింటికి దాన్ని చంకన పెట్టుకుని పెళ్లికొడుకులా లైబ్రరీకి వచ్చాడు. లైబ్రేరియన్ అతనికి స్వయానా మేనత్త. ఆవిడ సంతకం ఉంటే తప్ప ఆఫీసులో పుచ్చుకోరు.

ఆవిడ తిన్నగా వెనక్కి తిప్పింది. థీసిస్ కోసం చదివిన పరిశోధన పేపర్ల జాబితా ఉండేది అక్కడే. తొమ్మిది పేజీలు వరసగా పేర్లే. చివర ఒక శీర్షిక, ఒక సంవత్సరం, కింద గైడు సంతకం.

"అల్లుడూ, ఎన్ని పేపర్లు చదివావు?"

"రెండువందల పన్నెండు అత్తా."

"ఇక్కడ ఒక్కటే ఉంది. మోకాలిచిప్ప మీద. రాసినవాళ్లు మాత్రం తొమ్మిదివందల మంది. చిప్ప మొయ్యడానికి వచ్చారా వీళ్లంతా?"

కత్తెర ఆ సంతకం మీద వేలు పెట్టాడు. "గైడుగారు చూసే సంతకం పెట్టారుగా!"

"ఆయన తన పేరుందో లేదో చూసుకునుంటాడు. ఉంది, పదకొండు సార్లు. ముందు ఈ జాబితా తీసిన ఫైలు తెరువు."

పేపర్ల వివరాలున్న ఆ ఫైలు ఆవిడ ఇచ్చిందే; దాన్ని చదివి కంప్యూటరే జాబితా అచ్చేస్తుంది. ఆర్ఐఎస్ అంటారు. లోపల ఉత్త అక్షరాలే. ప్రతి లైనుకీ మొదట రెండక్షరాల గుర్తు: టీవై అంటే కొత్త పేపరు మొదలైందని, ఏయూ అంటే రాసినవాడని. వివరాలన్నీ అయ్యాక తోకలా ఈఆర్ అని ఒక లైను ఉంటుంది, పక్కన ఏమీ ఉండదు. ఆ లైను చూస్తేనే కంప్యూటరుకి ఒక పేపరు అయిపోయిందని తెలిసేది.

ఫైలంతా వెతికినా ఒక్క ఈఆర్ లేదు.

"ఏం చేశావురా?"

"పక్కన ఏమీ లేదు కదా అత్తా... శుభ్రం చేశాను."

"అన్నీనా?"

"ఒక్కొక్కటే కూర్చుని తీశా. ఆదివారమంతా పట్టింది." గొంతులో కాస్త గర్వం కూడా.

"అచ్చం మా అన్నయ్య పోలికే. నా బొమ్మకి జుట్టెక్కువైందని గుండు కొట్టాడు మీ నాన్న. జరుగు."

ప్రతి టీవై ముందూ ఒక ఈఆర్ పెట్టమని ఆవిడ కంప్యూటరుకి ఒక్క మాట చెప్పింది. చిటికెలో పెట్టేసింది. మొదటి పేపరు నెత్తిన కూడా ఒక తోక మొలిచింది. దాన్ని తీసి ఫైలు చివర, తోక లేని ఆఖరి పేపరుకి తగిలించింది. లెక్క చూస్తే రెండువందల పన్నెండు.

కొత్త జాబితా అచ్చయ్యేసరికి నాలుగూ నలభై. అత్తా అల్లుడూ గైడు గదికి పరుగెత్తారు.

"ఇందాకే పెట్టానుగా! మళ్లీ ఏంటి?" గైడు కసిరాడు.

కత్తెర కొత్త పేజీలు బల్లమీద పెట్టాడు. అత్త అందుకుంది. "ఏం లేదు సార్. పాతదాంట్లో ఒకే పేపర్ని తమరు పదకొండు సార్లు రాసినట్టు పడింది. చదివే సంతకం పెట్టానని చెప్పుకుంటానంటే, అదే పంపించేస్తాం."

గైడు కలం మూత తీశాడు. సంతకం పెట్టి, గొంతు తగ్గించి, "ఆ పాత పేజీలేవీ?" అన్నాడు.

"చించేశాం సార్."

"మంచి పని చేశావమ్మా."

దారిలోనే అత్త తన సంతకం గీకింది. ఆఫీసు గుమాస్తా అప్పటికే బల్ల సొరుగుకి తాళం వేస్తున్నాడు. గడియారం చూసి, మొహం మాడ్చుకుని థీసిస్ అందుకున్నాడు. చివరి పేజీ తిప్పాడు. తెల్లగా, ఒక్క అక్షరం లేకుండా ఉంది.

కత్తెర వేళ్లు వాటంతటవే లేచాయి. "అయ్యో, ఇది ఖాళీ పేజీ అండీ, చించే..."

అత్త ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

గుమాస్తా ఆ ఖాళీ పేజీ మధ్యలో తేదీ ముద్ర ధడాలున గుద్దాడు.