వారానికి నలభై గంటలు

హిల్కా రుస్కానెన్ చేసిన తప్పల్లా నిరుద్యోగ భృతి ఫారంలో నిజం రాయడమే.

"మీ వ్యాపారానికి వారానికి ఎన్ని గంటలు వెచ్చిస్తున్నారు?" అన్న చోట నలభై అని రాసింది. పొద్దున తొమ్మిదికి సెలూన్ తలుపు తీస్తుంది, సాయంత్రం ఐదుకు వేస్తుంది. వారానికి ఐదు రోజులు. లెక్క సరిగ్గానే ఉంది. ఆ నలభైలో ముప్పయ్యారు గంటలు కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంటున్న సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. కిందటి శరదృతువులో వృద్ధాశ్రమాన్ని అరవై కిలోమీటర్ల అవతలి పట్నానికి తరలించారు. దాంతోపాటు ఆమె చేతికింద ఉండే ముప్పై తలలూ తరలిపోయాయి.

నిరుద్యోగ భృతి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీది పూర్తికాలపు వ్యాపారం, భృతి రాదు. కావాలంటే సెలూన్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుని రండి.

ఇరవయ్యారేళ్ల సెలూన్ అది.

"నలభై అని ఎందుకు రాశావే తల్లీ?" అన్నాడు మొగుడు వేయో.

"మరెంత రాయమంటావు? అంతసేపూ కూర్చోలేదా?"

"కూర్చుంటే పని చేసినట్టా?"

"నువ్వు తెల్లారేసరికి పడవెక్కి, పొద్దుగూకాక ఒట్టి బుట్టతో వచ్చి, చేపలు పట్టానంటావే. అదేమిటి మరి?"

చేపల ప్రసక్తి వచ్చాక వేయో వాదించడు.

పునఃపరిశీలనకు అర్జీ పెడితే ఆఫీసువాళ్లు ఫోన్ చేశారు. హిల్కాది సావో ప్రాంతం. అక్కడివాళ్లకి ఒక పట్టింపు ఉంది. కొత్తవాళ్ల ముందు కష్టం చెప్పుకోరు. ఇల్లు తగలబడుతున్నా, ఎలా ఉన్నారంటే వెచ్చగానే ఉందంటారు. ఫోన్ చేసిన అమ్మాయిది రాజధాని హెల్సింకి.

"పని దొరుకుతోందాండీ?"

"ఆఁ, ఏదో నడుస్తోంది."

"కస్టమర్లు?"

"వచ్చేవాళ్లు వస్తున్నారు."

"ఆదాయం సరిపోతోందా?"

"ఇంకా పస్తులైతే లేవమ్మా."

పక్కనే వింటున్న వేయో తల పట్టుకున్నాడు. రెండో ఉత్తరంలో ఇలా ఉంది: "వ్యాపారం నడుస్తున్నట్లు దరఖాస్తుదారు స్వయంగా తెలిపారు."

ఆఖరి అవకాశంగా మంగళవారం పదింటికి ఇంకోసారి ఫోన్ చేస్తామన్నారు. ఈసారి హిల్కా కాస్త తెలివి తెచ్చుకుని, పని గంటలు తగ్గించి చూపాలనుకుంది. "మంగళ, గురువారాలు మాత్రమే, పది నుంచి ఒంటిగంట దాకా" అని రాసి తలుపుకి అంటించింది. పనిదినాన తలుపు మూసిపెట్టడం ఆ ఊళ్లో పరువు తక్కువ. అయినా అంటించింది.

ఆ కాగితం గురించి ఊళ్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మంగళవారం పదయ్యేసరికి మాత్రం ఐదుగురు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

"ఏం కత్తిరించమంటావు కార్లో బాబాయ్? ఉన్నవే పధ్నాలుగు వెంట్రుకలు," అంది హిల్కా, మొదటాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెడచుట్టూ గుడ్డ కడుతూ.

"ఆ పధ్నాలుగే అమ్మాయ్. చెవుల మీద పడి చిరాగ్గా ఉంది."

అంతలో ఫోన్ మోగింది. అదే అమ్మాయి.

"ఇప్పుడు షాపులో ఎంతమంది ఉన్నారండీ?"

బెంచీ మీదున్నవాళ్లు ముందుకు వంగారు.

"ఐదుగురు."

"ఓ, రద్దీగానే ఉందన్నమాట."

ఏదో నడుస్తోంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. హిల్కా దాన్ని మింగేసింది.

"రద్దీ కాదు తల్లీ! కిందటి వారం ఇద్దరొచ్చారు. అంతకుముందు వారం ఒక్కడు, వాడూ దారి అడగడానికే. నలభై గంటలూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. వీళ్లంతా తలుపు మీద కాగితం చూసి జాలిపడి వచ్చినవాళ్లు. ఇందులో ఒకాయనకి జుట్టే లేదు! నాకు పని లేదు. వింటున్నారా? లేదు."

యాభై నాలుగేళ్లలో అంత మాట, అదీ ఊరి ముందు, ఆమె అనలేదు. చెవులు కాలిపోయాయి. అవతల కీబోర్డు టకటకలాడింది.

"ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేదండీ."

"ముందు మీరెవరో నాకు తెలీదుగా."

"రాసుకున్నాను. పార్ట్‌టైం పనిగా మళ్లీ పరిశీలిస్తారు. ఆరు వారాలు పట్టొచ్చు. ఈలోగా కత్తిరించిన ప్రతి తలా మాకు తెలియజేయాలి."

"ఇవాళ్టివి కూడానా?"

"ముఖ్యంగా ఇవాళ్టివి."

ఫోన్ పెట్టేసేసరికి ఐదుగురూ సీలింగు పరీక్షిస్తున్నారు.

"జాలేం కాదు. నాది నిజంగానే పెరిగింది," అంది పక్కింటి ఔనె.

"మూడు వారాలకే?"

"చలికాలం జుట్టు అంతే."

"చూడండి, మీరు ఇలా ఆదుకుంటే నా నోటి దగ్గర కూడు పోతుంది. ఆరు వారాలు ఎవరూ రాకండి."

ఎవరూ లేవలేదు. ఎవరి కోట్లు వాళ్లు ఒళ్లో సర్దుకున్నారు.

"కాఫీ తాగినా వాళ్లకి తెలియజేయాలా అమ్మాయ్?" అన్నాడు కార్లో, మెడచుట్టూ కట్టిన గుడ్డ తనే విప్పుకుంటూ.

హిల్కా ఐదు కప్పులు బయటికి తీసింది. కత్తెర సొరుగులో పడేసి, సొరుగును అవసరమైనదానికన్నా కాస్త గట్టిగానే మూసింది.