ఆరో సంతకం

పెళ్లయి ఇరవై రోజులైనా ల్యాబులో ఆమె పేరు ఇంకా పెళ్లికూతురే. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ముసిముసిగా నవ్వుకునేది. అంతకన్నా ముద్దొచ్చిన సంగతి కొత్త సంతకం. ఇంటిపేరు మారింది కదా, మొదటి అక్షరానికి పొడుగాటి తోక వచ్చింది. ఆ తోక తిప్పే సంబరంలో పొద్దున్నే ఆరు సర్టిఫికెట్లూ ముందేసుకుని టకటకా సంతకాలు పెట్టేసింది.

ఒక కంపెనీ వాడి వదిలేసిన ఆరు స్పెక్ట్రమ్ అనలైజర్లవి, రేడియో సిగ్నళ్లు కొలిచే యంత్రాలు. వాటినిప్పుడు ఇంకో కంపెనీ కొనుక్కుంది. పాతవాళ్ల కొలతలు ఒక్కటీ లోపల మిగల్లేదని ఆ కాగితం పూచీ. వాటిలో ఒక రకం మెమరీ స్విచ్చి ఆపగానే తుడుచుకుపోతుంది. ఇంకో రకం మొండిది, ప్లగ్గు పీకినా పోదు. మెనూలోకి వెళ్లి చెరపమని ప్రత్యేకంగా చెప్పి, నలభై నిమిషాలు ఆగాలి.

ఐదు యంత్రాలకు అలా చెప్పి చెరిపింది. ఆరోదాని దగ్గరికి వెళ్లబోతుంటే మొగుడు ఫోన్ చేశాడు, అద్దెకు చూసిన ఇంట్లో వంటగదికి రెండు కిటికీలున్నాయని. ఆ రెండు కిటికీల గురించి పావుగంట మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి చూస్తే ఆరో కాగితం మీద తోకతో సహా సంతకం ఉంది. పని అయిపోయిందనుకుంది. ల్యాబు పెద్ద మాస్టారు కింద తన సంతకం గీసి, అన్నిటినీ పెట్టెల్లో సర్దించేశారు.

మధ్యాహ్నం లాగ్‌బుక్కులో సమయాలు ఎక్కిస్తుంటే ఆరో గడికి రాయడానికి సమయమే లేదు. ఆరోదాన్ని చెరపనేలేదు.

పార్సెల్ గదిలోకి పరుగెత్తి, టేపు కోసి, ప్లగ్గు పెట్టింది. తెర మీద పాతవాళ్ల ఫైళ్లు బారులు తీరాయి. పరాయివాళ్ల బీరువా తెరిచినట్టనిపించి చూపు తిప్పుకుంది. చెరపమని నొక్కింది. ఇంకో నలభై నిమిషాలు ఎవరూ రాకపోతే చాలు.

మాస్టారు వచ్చారు.

"సర్దినదాన్ని మళ్లీ తీశావేంటమ్మా?"

"వైరు పెట్టామో లేదో అని చూస్తున్నానండీ."

"నీకెందుకా అనుమానం? నీ సంతకం కనబడితే నేను కళ్లు మూసుకుని గీకేస్తా తల్లీ. ఈ ల్యాబులో ఆ సుఖం నీ ఒక్కదాని దగ్గరే."

నవ్వుతూ తలుపు దాకా వెళ్లారాయన. ఆమె చెవులు కాలిపోయాయి. అరగంట నోరు మూసుకుంటే ఆ కాగితం నిజమైపోతుంది. కానీ ఆ మెచ్చుకోలు మింగుడు పడలేదు.

"మాస్టారూ, ఇప్పుడు అబద్ధం చెప్పాను. దీన్ని చెరపకుండానే సంతకం పెట్టేశాను."

ఆయన వెనక్కి వచ్చి తెర వైపు చూశారు. నవ్వు ఆరిపోయింది.

"మిగతా ఐదూ?"

"చెరిపానండీ."

"నమ్మమంటావా?"

ఆమె మిగతా ఐదు పెట్టెల వైపు చూసింది.

"విప్పు. ఒక్కొక్కటీ ఆన్ చేసి చూపించు."

స్టూలు లాక్కుని కూర్చున్నారు. మూడేళ్లలో ఆమె పని చూడ్డానికి ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. ఐదూ ఖాళీగానే ఉన్నాయి. ఉంటాయని ఆమెకు తెలుసు. అయినా ప్రతిసారీ తెర వెలిగేదాకా ఆయన ముఖం చూడలేక నేల చూపులు చూసింది.